షమీరాన్ అడిగిన ఐదు రోజులు

గొడవంతా ఒక అట్ట కిరీటంతో మొదలైంది.

ఆ ఏడాది నీసాన్ నెల మొదటి రోజున, కొత్త సంవత్సరం పండగకి, బేత్ యౌనా ఊళ్ళో ఎప్పటిలాగే షమీరాన్ రాణి ఊరేగింపు తీశారు. గుమ్మాలకి పచ్చగడ్డి కట్టలు వేలాడదీశారు. ట్రాక్టరు ట్రాలీలో తివాచీలు పరిచి, పైన కుర్చీ వేసి, రాణిగారిని కూర్చోబెట్టారు. రాణి వేషం ఆ లోయలోని ఆసుపత్రిలో నర్సుగా చేసే పిల్లకి దక్కింది. ఆ పిల్ల పేరు కూడా షమీరానే. అందులో వింతేమీ లేదు. ఆ లోయలో నిలబడి ‘షమీరాన్’ అని కేకేస్తే నలుగురు ఆడవాళ్ళు తిరిగి చూస్తారు, చర్చి గురువు కాషాగారి మేక కూడా చూస్తుంది.

ట్రాక్టరు తోలింది మర్గనీత కొడుకు నీనోస్. చర్చి మలుపు దగ్గర చక్రం గుంతలో పడి, రాణిగారి కిరీటం ఎగిరి వెనక రోడ్డు మీద పడింది. జనం “ఆపు, ఆపు!” అని అరిచారు. నీనోస్ ఆపి ఊరుకోకుండా, ఎందుకైనా మంచిదని బండిని కాస్త వెనక్కి కూడా పోనిచ్చాడు. వేల ఏళ్ళ వైభవం అప్పడమైపోయి చక్రానికి అంటుకుంది. రాణిగారు ట్రాలీలోంచి దూకి, “నీకు డ్రైవింగ్ నేర్పిన మహానుభావుడెవడయ్యా?” అని తిట్టబోయి, బిక్కచచ్చిన వాడి మొహం చూసి నవ్వు ఆపుకోలేక అక్కడే చతికిలబడింది.

ఆ నవ్వు నీనోస్ చెవిలో దూరింది. మళ్ళీ బయటికి రాలేదు.

ఆ రోజు అందరికంటే గట్టిగా నాలుక ఆడించి పండగకూత వేసింది మర్గనీతే. ఆవిడ కూత వేస్తే అవతలి కొండమీద గొర్రెలు మేత మానేస్తాయని పేరు. “మా రాణి! కొండలు తొలిచి కాలవలు తెచ్చిన మహాతల్లి!” అంటూ కళ్ళు కూడా ఒత్తుకుంది. ద్రాక్ష కోతల నాటికి కొడుకు వచ్చి, “అమ్మా, నేను షమీరాన్‌ని చేసుకుంటాను” అనేసరికి మాత్రం చేతిలో ఉన్న పిండిముద్ద తందూరులో పడిపోయింది.

“ఏ షమీరాన్?”

“నర్సు షమీరాన్.”

“కిరీటం పిల్లా?”

“ఆ.”

మర్గనీత చేతులు దులుపుకుంది. “నీ పేరేంట్రా?”

“నీకు తెలీదా?”

“నీ నోటితో చెప్పు.”

“నీనోస్.”

“మరి బుద్ధి లేదురా?” అంది తల్లి.

ఈ ప్రశ్నకి అర్థం ఆ లోయలో పాలు తాగే పిల్లల్నడిగినా చెబుతారు. వెనకటికి నీనోస్ అనే మహారాజు షమీరాన్ అందం చూసి, తెలివి చూసి పెళ్ళాడాడు. ఒకరోజు ఆవిడ వయ్యారంగా, “ఏవండీ, ఒక్క ఐదు రోజులు నన్ను రాజ్యం చేయనివ్వరాదూ?” అని అడిగింది. పెళ్ళాం ముచ్చటపడిందని రాజు కిరీటం తీసి నెత్తిన పెట్టాడు. మొదటి రోజు రాణిగారు అందరికీ విందు చేసింది. రెండో రోజు మొగుణ్ణి చంపించింది. మిగిలిన మూడు రోజులూ, ఆ తరువాత ఇంకో నలభై ఏళ్ళూ హాయిగా ఏలింది.

మర్గనీతకి ఒక్కడే కొడుకు. మార్త్ షమూనీ అనే పుణ్యవతి గుడిలో కొవ్వొత్తులు వెలిగించీ వెలిగించీ, ఇక వద్దనుకున్నాక పుట్టినవాడు. ఖోషబా అని తన తాత పేరు పెట్టుకుందామని ఆవిడ ఆశ. ఆవిడ బాలింత నిద్రలో ఉండగా మొగుడు ఒదీషో పట్నం వెళ్ళి నీనోస్ అని రాయించుకొచ్చాడు. ఆ ఇంట్లో ఒదీషో సొంతంగా తీసుకున్న ఆఖరి నిర్ణయం అదే. అప్పటినుంచీ కొడుక్కి తుమ్మొచ్చినా, గేదె కుమ్మినా మర్గనీత ఆ పేరునే తిట్టిపోసేది. ఇప్పుడు పేరుకి తగ్గ పెళ్ళాం కూడా దొరికింది.

“ఊరికి రాణి అయితే దణ్ణం పెడతాను, నా వంటింట్లోకి మాత్రం రానివ్వను,” అంది.

“అదంతా గ్రీకులు కట్టిన కథటమ్మా. షమీరాన్ చెప్పింది.”

“గ్రీకులకి మన ఇంటి విషయాలతో ఏం పనిరా, అబద్ధాలాడ్డానికి? నిప్పు లేందే పొగ వస్తుందా? ఏమయ్యా, నువ్వు మాట్లాడవేం?”

ఒదీషో పెరట్లో అక్రోటు చెట్టు కింద రాతి అరుగు మీద కూర్చుని జపమాల తిప్పుకుంటున్నాడు. ఆయన రోజంతా ఉండేది అక్కడే. “నన్నేం చెప్పమంటావు?” అన్నాడు.

“పెళ్ళి వద్దని చెప్పు.”

“వద్దు,” అన్నాడు ఒదీషో కొడుకుతో.

“చేసుకుంటాను నాన్నా.”

“చేసుకుంటాట్ట,” అని పెళ్ళానికి చెప్పి, జపమాలలో తర్వాతి పూసకి వెళ్ళాడు.

నీనోస్‌ది తల్లి పోలిక, మొండిఘటం. “నువ్వు ఒప్పుకోకపోతే మేం దుహోక్ పట్నం వెళ్ళి కాపురం పెట్టుకుంటాం. అక్కడ ఆసుపత్రులున్నాయి, ట్రాక్టర్లూ ఉన్నాయి,” అన్నాడు. మర్గనీత లెక్క వేసుకుంది. ఒప్పుకుంటే కొడుకు ప్రాణం పోతుంది. ఒప్పుకోకపోతే కొడుకే పోతాడు. ఆ పూట ఆవిడకి ముద్ద దిగలేదు. మర్నాడు పొద్దున్నే నడుముకి తాళంచెవి బిగించుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ చర్చి మెట్లెక్కింది.

ఆ తాళంచెవి గురించి ఒక మాట చెప్పాలి. అరచేతంత ఇనప తాళంచెవి అది, కొట్టుగదిది. గోధుమలు, ఎండు ద్రాక్ష, తేనె, నేలలో తలకిందులుగా పాతిపెట్టిన ఉప్పు జున్ను కుండలు అన్నీ ఆ గదిలోనే. అది మర్గనీత నడుం మీంచి దిగగా చూసినవాళ్ళు లేరు. స్నానానికి కూడా తీయదని ఊళ్ళో అంటారు.

కాషా ఇషాయా చర్చి పక్కన ద్రాక్షపందిరి కింద ఉన్నాడు. ముసలాయన, ఆ లోయలో సగం మందికి బాప్తిస్మం ఇచ్చింది ఆయనే.

“కాషా, ఆ పిల్ల పేరు మార్చాలి. మరియం అని పెట్టండి. ఎవరికీ అపకారం చెయ్యని పేరు.”

“ఎట్లా మార్చనమ్మా? ఆ పేరు పెట్టింది నేనేగా. ‘ఇంతమంది పుణ్యాత్ములుండగా ఈ యుద్ధాల రాణి పేరెందుకు, నేను పెట్టను’ అని అప్పుడే అన్నాను. వాళ్ళ నానమ్మ వచ్చి చర్చి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. లోపల నాకు ఆకలేసింది. పెట్టేశాను.”

“ఎంత పని చేశారు!”

“కంగారు పడకు. మా చెల్లెలు కూడా షమీరానే. మా బావకేమైంది? నిండా బతికి, ముసలితనంలో ద్రాక్షాకుల్లో చుట్టిన దోల్మా ఎక్కువ తిని పోయాడు.”

“మీ బావ పేరు నీనోసా?”

“కాదు, ఎల్యా.”

“అదీ సంగతి!” అంది మర్గనీత.

కాషా గడ్డం గోక్కున్నాడు. ఈ వాదం ఆయన చదివిన గ్రంథాల్లో ఎక్కడా లేదు. ఆవిడకి మాత్రం ఒక ఆలోచన మెరిసింది. చంపేది షమీరాన్, చచ్చేది నీనోస్. షమీరాన్‌ని మార్చలేకపోతే నీనోస్‌నే మాయం చేస్తే సరి. “పెళ్ళైన ఐదు రోజులూ మా ఇంట్లో ఎవరూ వాణ్ణి ఆ పేరుతో పిలవకూడదు. వాడు ఖోషబా. గండం గడిచాక మళ్ళీ నీనోస్. మీరూ పెళ్ళి మంత్రాల్లో ఖోషబా అనే అనాలి.”

“దేవుడి ముందు బాప్తిస్మం పేరే పలకాలమ్మా. ఆయనకి అబద్ధం చెప్పమంటావా?”

“అయితే నా జాగ్రత్తలో నేనుంటాను,” అని లేచింది.

ఆ జాగ్రత్త ఏమిటో పెళ్ళిరోజున తెలిసింది. వధూవరుల తలల మీద కిరీటాలు పెట్టే వేళ పెళ్ళికొడుకు సంతోషం చూసి దయ్యాలకి కళ్ళు కుట్టకుండా, మేనత్తో పిన్నమ్మో వెనక నిలబడి వాణ్ణి సూదితో మెల్లగా గుచ్చడం అక్కడ ఆనవాయితీ. ఈసారి మర్గనీత వాడి మేనత్తని పక్కకి నెట్టి సూది తనే అందుకుంది. కాషా “నీ దాసుడైన నీనోస్” అన్నప్పుడల్లా ఒక పోటు. వాడు ఉలిక్కిపడటం, కిరీటం ఒరిగిపోవడం, తోడుపెళ్ళికొడుకు సర్దడం. కాషాకి ఆ రోజు ఏం పూనిందో, ఆ పేరు మామూలుకంటే ఎక్కువసార్లే పలికాడు. చివరికి పెళ్ళికూతురే ముసుగులోంచి వెనక్కి వంగి గుసగుసలాడింది: “అత్తమ్మా, నడుముకొద్దు. భుజానికి గుచ్చండి, అక్కడ కండ ఉంటుంది.”

మర్గనీతకి నవ్వొచ్చింది. వెంటనే ఆ నవ్వు మీద కోపం వచ్చింది. మొగుణ్ణి ఎక్కడ గుచ్చాలో ఈ పిల్లకి అప్పుడే తెలుసు!

విందు బ్రహ్మాండంగా జరిగింది. మర్గనీత ఆ వారమంతా తందూరు దగ్గరనుంచి కదల్లేదు, ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. వంద మందికి రొట్టెలు కాల్చింది, డేగిశాల కొద్దీ దోల్మా చుట్టింది, ఆ పైన చేతులు కలిపి ఊరందరితో వరసాట కూడా ఆడింది. తెల్లారేసరికి మోకాళ్ళు రెండూ పొంగిన పిండిలా ఉబ్బిపోయాయి.

ఆ పొద్దున అందరూ పెరట్లో ఫలహారానికి కూర్చున్నారు. వేడి రొట్టె, మీగడ, తేనె, గాజు గ్లాసుల్లో టీ. ఉండిపోయిన చుట్టాలకి కొత్త పేరు మహా సరదాగా ఉంది.

“ఖోషబా, ఇలా చక్కెర అందుకో!”

“ఖోషబా, రాత్రి బాగా నిద్రపట్టిందా నాయనా?”

“ఖోషబా, మన నీనోస్ అనేవాడు ఉండేవాడు, ఎక్కడికి పోయాడో పాపం!”

మర్గనీత వాళ్ళని కొరకొరా చూసింది. విందు అయిపోయింది. కథ ప్రకారం ఇది రెండో రోజు. సరిగ్గా అప్పుడు కొత్తకోడలు మేడమెట్లు దిగి వచ్చి, తిన్నగా అత్తగారి ముందు మోకరిల్లింది. ఉబ్బిన మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. “అబ్బా!” అంది మర్గనీత.

“నేననుకున్నదే,” అంది షమీరాన్. నడుముకి వేలాడుతున్న తాళంచెవి వైపు చూసింది. “అత్తమ్మా, ఈ తాళంచెవి ఒక్క ఐదు రోజులు నాకివ్వరాదూ?”

ఎవరో టీ గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళి అక్కడే ఆపేశారు. మర్గనీత చెయ్యి కొడుకు భుజాన్ని పట్టుకుంది. వాడు బతికే ఉన్నాడు, నోటినిండా మీగడ ఉంది.

“విన్నారా?” అంది. “అందరూ విన్నారా? అవే మాటలు! ఐదు రోజులట!”

షమీరాన్ నాలుక కరుచుకుంది. “అయ్యో, అది కాదత్తమ్మా...”

అప్పుడు అక్రోటు చెట్టు కింద వింత చప్పుడొకటి వినిపించింది. పొలమారిందనుకున్నారు. తీరా చూస్తే ఒదీషో నవ్వుతున్నాడు. ఆ మనిషి నవ్వగా చూసి చాలాకాలమైంది కనుక గుర్తుపట్టడానికి అందరికీ కాస్త సమయం పట్టింది.

“మర్గా, ఆ మాటలు నేనింతకు ముందు ఇదే పెరట్లో విన్నాను,” అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. “పెళ్ళైన మర్నాడు. మా అమ్మ పోయింది కదా, తాళంచెవి నా మొలకే ఉండేది. కొత్త పెళ్ళికూతురు వచ్చి, ‘చుట్టాలు వెళ్ళేదాకా ఒక్క ఐదు రోజులు ఇవ్వరాదూ’ అంది. ఇచ్చాను. ఆ ఐదు రోజులూ ఎప్పుడవుతాయా అని ఇప్పటికీ ఎదురుచూస్తున్నా.”

ముందు మేనత్త పకపకా నవ్వింది. తరువాత అందరూ అందుకున్నారు. ‘అత్తా ఒకింటి కోడలే’ అని పెద్దలు ఊరికే అనలేదు. మర్గనీత మొహం ఎర్రబడింది. మొగుడు అన్నదాంట్లో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు, ఆవిడకి బాగా గుర్తుంది. ఆ రోజు తను వేసుకున్న ఆకుపచ్చ గౌను కూడా గుర్తుంది.

“వాపుకి మందు ఐదు రోజులకే ఇస్తారత్తమ్మా, నేనేం చెయ్యను?” అంది షమీరాన్ ఏడుపు నవ్వు కలిపి. “ఐదు రోజులు కాలు కింద పెట్టకూడదు మీరు. ఆ తాళంచెవి నడుముకుంటే మీరు మంచం మీద ఉంటారా? నిజం చెప్పండి.”

ఉండదు. అది గాడిదల్నడిగినా చెబుతాయి. పదిమందీ చూస్తుండగా మర్గనీత ముడి విప్పింది. వేళ్ళకి ఆ పని అలవాటు తప్పి చాలాసేపు పట్టింది. తాళంచెవి కోడలి చేతిలో పెట్టి, “వాణ్ణి మాత్రం నీనోస్ అనకు,” అంది చిన్నగా.

మంచం మీద ఆవిడ పడ్డ పాట్లు పగవాళ్ళకి కూడా వద్దు. కొట్టుగది తలుపు కిర్రుమంటే చాలు ప్రాణం గిలగిల్లాడేది. “ఒరేయ్ ఖోషబా, చూసిరా, జున్ను కుండ తవ్వుతోందేమో!” అని కొడుకుని పంపేది. వాడు కాసేపటికి మూతి తుడుచుకుంటూ వచ్చి, “లేదమ్మా, ఏం తవ్వడం లేదు,” అనేవాడు. వాడి మీసానికి జున్ను ఉండేది.

ఒదీషో జపమాల జేబులో వేసుకుని, చెట్టు కింద అరుగు వదిలి మంచం పక్కకి వచ్చి కూర్చున్నాడు. అక్రోట్లు రాయితో కొట్టి, పప్పు తీసి ఆవిడ అరచేతిలో పెడుతున్నాడు. వాళ్ళిద్దరూ అలా పనేమీ లేకుండా ఎదురెదురుగా కూర్చుని ఎన్నాళ్ళైందో ఇద్దరికీ తెలియదు.

“ఏమయ్యా,” అంది మర్గనీత ఒక మధ్యాహ్నం. “నిజంగా నిన్ను చంపేశానా నేను?”

ఒదీషో ఇంకో అక్రోటు పగలగొట్టాడు. “మొదట్లో కోపం వచ్చేది. నా ఇంట్లో నా గోధుమలు అడిగి పెట్టించుకోవాలా అని. తరవాత ఆ కరువు రోజులొచ్చాయి చూడు, బజారులో డబ్బు పెట్టినా పిండి దొరకని రోజులు. అడిగినప్పుడల్లా ‘కొట్టుగదిలో బోలెడుంది, నువ్వు తిను’ అనేదానివి.”

“ఉండబట్టే అన్నాను.”

“లేదు. ఓ రోజు నువ్వు రేవుకెళ్ళినప్పుడు కిటికీ సందులోంచి చూశాను. గోడలు తప్ప ఏమీ లేవు. నువ్వు తినకుండా మాకు పెడుతున్నావని అప్పుడు తెలిసింది.”

“మరి ఎందుకు చెప్పలేదు?”

“చెబితే నువ్వు సిగ్గుపడతావని. తాళంచెవి నా దగ్గరుంటే ఆ భయమంతా నాది అయ్యేది మర్గా. దాన్ని నువ్వు మోశావు, నాకు నిద్ర మిగిల్చావు. ఇంత హాయిగా చచ్చిపోయినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటా.” పప్పు ఆవిడ చేతిలో పెట్టాడు. “తిను.”

మర్గనీత ఏడ్చింది. ఆ గది ఖాళీగా ఉందని ఎవరైనా చూస్తారేమో అన్న భయంతోనే ఆ ఇనప ముక్కని ఇన్నేళ్ళూ ఒంటికి కట్టుకు తిరిగింది. కరువు పోయి గది నిండినా ఆ భయం మాత్రం పోలేదు. చూసినవాడు పక్కనే ఉన్నాడని, చూసి నోరు మూసుకుని జపమాల తిప్పుకుంటున్నాడని ఆవిడకి ఇప్పుడే తెలిసింది.

ఐదో రోజు గడిచి తెల్లారింది. వాపు తగ్గింది. షమీరాన్ వచ్చి మోకాళ్ళు నొక్కి చూసి, తృప్తిగా తలాడించి, తాళంచెవి తీసి అత్తగారి చేతిలో పెట్టింది.

“ఇదేంటి?”

“తాళంచెవి, అత్తమ్మా. కోర్సు అయిపోయింది.”

మర్గనీత దాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పింది. ఇంత బరువుందా ఇది? “నువ్వేం షమీరాన్‌వే? ఏ రాణైనా తీసుకున్నది తిరిగిస్తుందా? మీ నానమ్మ చర్చి గుమ్మంలో కూర్చుని సంపాదించిన పేరు ఇలాగేనా నిలబెట్టేది?”

“మరి ఏం చెయ్యమంటారు?”

“నడుముకి కట్టుకో.” తనే ముడి వేసింది, గట్టిగా, లాగి చూసి. “జున్ను కుండల జోలికి మాత్రం నన్నడక్కుండా వెళ్ళావంటే ఊరుకోను. ఒకటి తగ్గిందని నాకు తెలుసు.”

“రెండు తగ్గాయత్తమ్మా,” అంది కోడలు, లోపలికి పారిపోతూ.

మర్గనీత లేచి గుమ్మం దాకా నడిచింది. నడుం తేలిగ్గా ఉండి అడుగు కాస్త తూలింది. పెరట్లో కొడుకు ట్రాక్టరు కింద దూరి ఏదో బిగిస్తున్నాడు. నూనె పులుముకున్న వాడి కాళ్ళు బయటికి కనిపిస్తున్నాయి, నిక్షేపంగా కదులుతున్నాయి. గండం గడిచిపోయింది. ఆవిడకి పట్టరాని సంతోషం వేసి, ఇన్నాళ్ళూ నోట్లో దాచుకున్న పేరుని అవతలి కొండకి వినపడేలా పిలిచింది.

“నీనోస్!”

కాళ్ళు పట్టించుకోలేదు. వాడికి ఖోషబా అలవాటైపోయింది.

జవాబు అక్రోటు చెట్టు కిందనుంచి వచ్చింది.

“చెప్పు, షమీరాన్,” అన్నాడు ఒదీషో.

“వస్తున్నా మామయ్యా!” అంటూ కోడలు పిండిచేతులతో పరిగెత్తుకొచ్చింది.

“నిన్ను కాదమ్మా,” అన్నాడు ఆయన.